లైను లెక్కా? నెల జీతమా?

నాలుగు వారాలకు 144 గంటలు. జర్నలిస్టు చేత అంతకు మించి పని చేయించకూడదని 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం రాసిపెట్టింది. అంటే వారానికి 36 గంటలు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ఆ పాత చట్టాన్ని తమలో కలిపేసుకున్నా ఈ 144 జోలికి పోలేదు. పైగా టీవీ, రేడియో, డిజిటల్ మీడియాలో పనిచేసేవాళ్లను కూడా జర్నలిస్టుల కిందే లెక్కగట్టాయి. పార్ట్‌టైం వాళ్లూ అందులో ఉన్నారు.

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఏ విలేకరికైనా ఈ అంకె చెప్పి చూడండి. ముందు నవ్వుతారు. ఆ నవ్వు ముగిసేలోగా ఫోన్ మోగుతుంది, బండి తీస్తారు.

సి.బెళగల్, ఎమ్మిగనూరు, ఆదోని చుట్టుపక్కల పిల్లలు డిగ్రీ అయ్యాక జర్నలిజమో మాస్ కమ్యూనికేషనో చదువుతామంటే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న ‘టీవీలో కనపడతావా?’ అని. రెండోది ‘జీతమెంత?’ అని. మొదటిదానికి ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. రెండోదానికి జవాబు చెప్పాలంటే ఆ డబ్బు ఎవరిస్తారు, దేనికిస్తారు అన్నది ముందు తేలాలి. పల్లెకు దగ్గరయ్యేకొద్దీ వార్తకు వచ్చే డబ్బు పలచబడుతుంది. అదే పల్లెలో వార్త కాని పనికి, అంటే ఒక విషయాన్ని వివరించి చెప్పడానికి, అనువదించడానికి, వీడియో తీసిపెట్టడానికి డబ్బిచ్చేవాళ్లు ఉన్నారు. ఈ చదువు చదివినవాళ్ల బతుకుతెరువంతా ఈ రెండింటి మధ్యే తిరుగుతోంది. అంకెలు పట్టుకుని చూద్దాం.

చదువు ఎక్కడ

రాయలసీమ పిల్లలకు దగ్గర్లో కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగం ఉంది. ఆడపిల్లలకు తిరుపతి శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. కృష్ణా, తుంగభద్ర దాటి హైదరాబాద్ పోతే 1954లో మొదలైన ఉస్మానియా జర్నలిజం విభాగం, కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని కమ్యూనికేషన్ విభాగం, తెలుగు విశ్వవిద్యాలయం కనిపిస్తాయి. ఢిల్లీలో 1965లో పెట్టిన ఐఐఎంసీ, అంటే భారతీయ జనసంచార సంస్థ, ఈ చదువుకు దేశంలో పెద్ద పేరు. దానికి అమరావతిలో ఒక క్యాంపస్ ఉందని విని సంబరపడకండి, అది మహారాష్ట్ర అమరావతి. అక్కడ మరాఠీ డిప్లొమా ఉంది, ఢిల్లీలో హిందీ, ఉర్దూ ఉన్నాయి, ధెంకనాల్‌లో ఒడియా, కొట్టాయంలో మలయాళం ఉన్నాయి. 2011 జనగణనలో మాతృభాషగా 8.11 కోట్ల మంది రాయించుకున్న తెలుగుకు మాత్రం అక్కడ చోటు దక్కలేదు. మన ఎంపీల్లో ఎవరైనా ఈ సంగతి పార్లమెంటులో గట్టిగా అడిగితే బాగుండు.

ఇవి కాక పెద్ద పత్రికలు నడిపే సొంత జర్నలిజం స్కూళ్లున్నాయి. వాటిలో చేరడానికి పరీక్ష ఉంటుంది. తెలుగు రాత, ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదం, వర్తమాన వ్యవహారాలు, ఈ మూడే ప్రధానం. శిక్షణ కాలంలో ఫీజు కట్టాల్సిన పని ఉండకపోగా స్టయిపెండ్ వస్తుంది. బయటికొచ్చాక ఇన్నేళ్లు ఇక్కడే పనిచేస్తానని ఒప్పందం రాయాల్సి రావచ్చు. ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో ఉన్న పేరా ఒక్కటి చదవండి చాలు. ఎంఏకు రెండేళ్లు ఖర్చుపెట్టే స్తోమత లేని ఇంటి నుంచి వచ్చినవాళ్లకు ఇప్పటికీ ఇదే దగ్గరి దారి. ఎంతోమంది తెలుగు సబ్ఎడిటర్లు ఈ దారినే వచ్చారు.

లైను లెక్క

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలైంది. 1989లో జిల్లాకొక ట్యాబ్లాయిడ్ ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటిదాకా పత్రికలో ఊరి పేరు రావాలంటే ఆ ఊళ్లో బస్సు బోల్తాపడాలి, లేదా మంత్రి రావాలి. ట్యాబ్లాయిడ్ వచ్చాక రోజూ జిల్లా పేజీలు నింపాలి కాబట్టి మండలానికొక మనిషి కావాల్సొచ్చాడు. 2008లో సాక్షి ఒకేసారి 23 ఎడిషన్లతో దిగడంతో ఆ మనిషికి గిరాకీ ఇంకా పెరిగింది. అంతకుముందే, 2004లో టీవీ9 వచ్చి, మెడలో ఐడీ కార్డు, చేతిలో లోగో ఉన్న మైకు పట్టుకున్న స్ట్రింగర్‌ను ఊళ్లకు పరిచయం చేసింది.

ఈ మనుషులకు ఇచ్చే డబ్బు మాత్రం ఇంకో పద్ధతిలో నడిచింది. అచ్చయిన లైన్లను, లేదా కాలమ్ సెంటీమీటర్లను కొలిచి నెలాఖరుకు కట్టే లెక్క అది. దాన్నే లైన్ అకౌంట్ అంటారు. పత్రిక పేజీలో డేట్‌లైన్ చూడండి, ఊరి పేరు పక్కన కొన్నిచోట్ల పత్రిక పేరు ఉంటుంది, ఈనాడులో అయితే ‘న్యూస్‌టుడే’ అని ఉంటుంది. కంట్రిబ్యూటర్ పంపిన వార్తకు గుర్తు అది. జీతం తీసుకునే స్టాఫ్ రిపోర్టర్ జిల్లా కేంద్రంలో ఉంటాడు. మండలంలో ఉండేవాడు కంట్రిబ్యూటర్. ఒకే పేజీలో ఇద్దరి వార్తలూ పక్కపక్కనే వస్తాయి, ఇద్దరి నెలాఖరులు మాత్రం వేరు.

లెక్క తేలడానికి ఒక ఊహ అనుకుందాం. ఇది ఏ పత్రిక రేటూ కాదు. లైనుకు 2 రూపాయలు. రోజుకు నాలుగు వార్తలు పంపితే రెండు అచ్చవుతాయి, ఒక్కొక్కటి పన్నెండు లైన్లు. రోజుకు 48 రూపాయలు. నెలకు 26 రోజులు రాస్తే 1,248. ఇప్పుడు ఖర్చు చూడండి. సి.బెళగల్ నుంచి గుండ్రేవుల, పోలకల్ అటూ ఇటూ తిరిగి మండల ఆఫీసు, పోలీస్‌స్టేషన్ చూసుకుని వచ్చేసరికి బండి మీటరు మీద 60 కిలోమీటర్లు ఎక్కాయనుకోండి. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బండికి రోజుకు 1.2 లీటర్లు పోయాలి. లీటరు 110 రూపాయల చొప్పున 132. నెలలో 20 రోజులు తిరిగితే 2,640. లైన్ల మీద వచ్చేదానికి రెండింతలకు పైగా పెట్రోలు బంకుకే పోతోంది. రేటు రెట్టింపు చేసినా పెట్రోలు ఖర్చుకు చాలదు, కావాలంటే వేసుకుని చూడండి. పోలికకు ఇంకో అంకె: 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు.

మరి ఎలా గడుస్తుంది? ప్రకటనల కమిషన్ మీద. జనవరి 26, ఉగాది, ఆగస్టు 15, దసరా, నాయకుల పుట్టినరోజులు. మండలానికి ఇంత అని టార్గెట్ వస్తుంది. శుభాకాంక్షల ప్రకటన ఇచ్చేది ఎవరు? సర్పంచి, కాంట్రాక్టరు, ప్రైవేటు స్కూలు యజమాని, విత్తనాల దుకాణం. వార్త రాయాల్సింది ఎవరి గురించి? ఆ నలుగురి గురించే. నకిలీ విత్తనాల మీద రెండు రోజులు వరుసగా రాసిన చేత్తోనే మూడో వారం అదే వీధిలో రసీదు పుస్తకం పట్టుకుని నిలబడాలి. పడమటి మండలాల విలేకరుల మీద జనం విసిరే మాటలన్నీ ఈ ఒక్క ఏర్పాటు నుంచి పుట్టినవే. తప్పు మనుషుల స్వభావంలో ఉందని నేననుకోను, జీతం ఇవ్వకుండా మనిషిని పెట్టుకున్న పద్ధతిలోనే ఉంది.

చట్టం ఈ విషయంలో మాట్లాడలేదా అంటే, గట్టిగానే మాట్లాడింది. పత్రికా ఉద్యోగుల జీతాల కోసం వేసిన మజీఠియా వేతన బోర్డు సిఫార్సులను కేంద్రం 2011 నవంబరు 11న నోటిఫై చేసింది. యాజమాన్యాలు సవాలు చేస్తే 2014 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు వాటిని సమర్థించి, బకాయిలు ఏడాదిలోగా నాలుగు వాయిదాల్లో చెల్లించమంది. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకూ అవి వర్తిస్తాయని 2017 జూన్ 19న మరోసారి చెప్పింది. అయితే ఇవన్నీ ‘ఉద్యోగి’ అని రుజువైనవాళ్లకు. నియామక పత్రం లేని కంట్రిబ్యూటర్ తాను ఉద్యోగినని రుజువు చేసుకోవడం దగ్గరే కథ ఆగిపోతుంది. చేతిలో ఉండేదల్లా అక్రిడిటేషన్ కార్డు. దానితో బస్సులో రాయితీ వస్తుంది, జీతం రాదు.

ఆదోని యార్డులో రెండు నిమిషాలు

అలాగని ఇక్కడి పని చిన్నదేం కాదు. ఆదోని వ్యవసాయ మార్కెట్ యార్డు రాష్ట్రంలోనే పత్తికి పెద్ద మార్కెట్. రోజూ సాయంత్రం అక్కడి నుంచి మూడు అంకెలు బయటికొస్తాయి: కనిష్ఠం, మధ్యస్థం, గరిష్ఠం. పత్తికి ఒక వరుస, వేరుశనగకు ఒకటి, ఆముదాలకు ఒకటి. కొత్తగా వచ్చిన కుర్రాడు గరిష్ఠ ధరను శీర్షికలో పెడతాడు. అనుభవం ఉన్నవాడు మధ్యస్థం చూస్తాడు, ఎందుకంటే గరిష్ఠ ధర ఆ రోజు ఏ ఒకటి రెండు లాట్లకో పలికి ఉండొచ్చు. శీర్షిక చూసి మరునాడు బండి కట్టుకుని వచ్చిన రైతు ఆ ధర రాక యార్డులో కూలబడతాడు.

2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు, మధ్య రకానికి 7,710. పత్తి సంస్థ సీసీఐకి అమ్మాలంటే ‘కపాస్ కిసాన్’ యాప్‌లో నమోదు చేసుకుని స్లాట్ బుక్ చేసుకోవాలి. తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర. ఆ పైన ప్రతి శాతానికి ధరలో ఒక శాతం కోత. 12 దాటితే కొనరు. అంటే 12 శాతం తేమ ఉన్న పత్తికి 8,110 కాదు, 7,786 వస్తుంది. క్వింటాలుకు 324 రూపాయలు తేడా. ఇరవై క్వింటాళ్ల రైతుకు 6,480.

పై పేరాలో ఉన్నదంతా రైతుకు తెలియాలి. 2011 జనగణన ప్రకారం అప్పటి కర్నూలు జిల్లాలో అక్షరాస్యత 59.97 శాతం. ఏడేళ్లు దాటిన పదిమందిలో నలుగురికి ఆ పేరా చదవడం రాదు. పడమటి మండలాల సంగతి చెప్పనక్కర్లేదు. సుగ్గికి, అంటే వలస కూలికి పోయే కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు మిరప చేలకు బయల్దేరే ప్రాంతం ఇది. ఇక్కడ పత్రికలో పన్నెండు లైన్ల వార్త కన్నా, తేమ మీటరు చూపిస్తూ ‘అన్నా, ఇంకో రెండు దినాలు ఎండబెట్టుకుని తీసుకరా’ అని రెండు నిమిషాల్లో చెప్పే వీడియో ఎక్కువమందికి అందుతుంది. ఆ మాట ఆదోని యాసలో ఉంటే ఇంకా బాగా ఎక్కుతుంది. అవసరమైతే కన్నడంలోనూ, ఉర్దూలోనూ చెప్పగలగాలి. హైదరాబాద్ స్టూడియోలో పుట్టి పెరిగినవాడికి లేని పెట్టుబడి ఇది, ఇక్కడి పిల్లలకు పుట్టుకతో వచ్చింది.

దీనికి డబ్బిచ్చేది ఎవరు? రైతు ఇవ్వడు. విత్తన కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు, ప్రకృతి వ్యవసాయం కోసం రాష్ట్రంలో పనిచేస్తున్న రైతు సాధికార సంస్థ లాంటివి ఇస్తాయి. డిజిటల్ గ్రీన్ అనే సంస్థ ఇదే పనిని మన రాష్ట్రంలో ఏళ్లపాటు చేసింది: ఊరి రైతునే కెమెరా ముందు నిలబెట్టి తీసిన వీడియోను పక్క ఊళ్లో చిన్న ప్రొజెక్టరుతో గోడ మీద వేసి చూపించడం. అనంతపురంలో 1969లో మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు లాంటి పెద్ద సంస్థలకు పనిని రాసిపెట్టే, ఫొటోలు తీసే మనుషులు ఎప్పుడూ కావాలి. ఈ ఉద్యోగాల పేర్లు ‘డాక్యుమెంటేషన్’, ‘కమ్యూనికేషన్స్ అసోసియేట్’ అని ఉంటాయి కాబట్టి జర్నలిజం చదివినవాళ్లు ఆ ప్రకటనలను దాటేస్తుంటారు.

సొమ్ము ఎటు పారుతోంది

ఫిక్కీ-ఈవై లెక్కల ప్రకారం 2024లో దేశంలో మీడియా, వినోద రంగం మొత్తం విలువ సుమారు 2.5 లక్షల కోట్ల రూపాయలు. అందులో డిజిటల్ వాటా 80,200 కోట్లు, అంటే 32 శాతం. టీవీని డిజిటల్ దాటిన మొదటి సంవత్సరం అదే. టీవీ 67,900 కోట్ల దగ్గర ఉంది. పత్రికలన్నీ కలిపి 26,000 కోట్లు. రేడియో 2,500 కోట్లు.

ఈ అంకెలు చూసి ‘అయితే యూట్యూబ్ పెట్టేద్దాం’ అనేవాళ్లు ఇంకో రెండు అంకెలు చూడాలి. ప్రకటనల్లో పూర్తి వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. ఆ గంటలకు బదులు 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ ఉన్నా సరే. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. మీ వీడియోను ఒక్కో మనిషి సగటున మూడు నిమిషాలు చూస్తే 80,000 వ్యూస్. 2011లో ఎమ్మిగనూరు జనాభా 95 వేలు, ఆదోని జనాభా 1.66 లక్షలు. అంటే ఆదోనిలో సగం ఊరు ఒకసారి మీ వీడియో చూస్తే గేటు తెరుచుకుంటుంది, అంతే. డబ్బు ఆ తర్వాతి సంగతి. వచ్చిన ప్రకటన సొమ్ములో మామూలు వీడియోకు 55 శాతం మీది, 45 శాతం యూట్యూబ్‌ది.

గెలిచినవాళ్లు లేరా? ఉన్నారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన యూట్యూబ్ ఛానెల్ మై విలేజ్ షో గంగవ్వను రాష్ట్రాలు దాటించింది. కానీ అది ఒక్క మనిషి పని కాదు. రాసేవాళ్లు, తీసేవాళ్లు, ఎడిటింగ్ చేసేవాళ్లు ఒక జట్టుగా ఏళ్లపాటు కూర్చుంటే వచ్చిన ఫలితం. ‘యూట్యూబర్ అవుతా’ అనే పిల్లలకు నేనిచ్చే సలహా ఒక్కటే: ముందు ఇంకొకరి ఛానెల్‌కు ఎడిటర్‌గా చేరండి. జీతం వస్తుంది, ఏ వీడియో ఎక్కడ చతికిలబడుతుందో అవతలివాడి ఖర్చుతో తెలుస్తుంది.

అనువాదం, డబ్బింగ్, సబ్‌టైటిళ్ల పని కూడా పెరిగింది. 2020 ఉగాదికి తెలుగు ఓటీటీ ఆహా వచ్చింది. 2022లో కేంద్రం భారతీయ భాషల అనువాద వేదిక భాషిణి మొదలుపెట్టింది. యంత్రాలకు తెలుగు నేర్పడానికి మనుషుల గొంతులు రికార్డు చేయడం, తప్పులు దిద్దడం ఒక పనిగా మారింది. ఎక్కువగా పీసు లెక్కన ఇస్తారు. అదీ లైన్ అకౌంట్ వంశంలోదే, కాకపోతే పెట్రోలు ఖర్చుండదు, దుకాణాల ముందు నిలబడే పని ఉండదు.

గాలిలో మూడు ఛానెళ్లు

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్ఎం ఛానెళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో ఆదోని ఉంది. ఆదోనికి 3 ఛానెళ్లు. మాతృభాషలో స్థానిక కార్యక్రమాలు పెరగాలన్నది చెప్పిన ఉద్దేశం. వేలంలో ఎవరో పాడుకుని స్టేషను పెడితే ఆర్జే, ప్రొడ్యూసర్, సౌండ్ మనిషి, స్క్రిప్టు రాసేవాడు, ప్రకటనలు అమ్మేవాడు కావాలి. అక్కడా చివరివాడికే ఎక్కువ గిరాకీ ఉంటుంది. రేడియో వ్యాపారం మొత్తం పరిమాణం 2,500 కోట్లని పైన చూశాం కదా, ఆ అంకెను మనసులో పెట్టుకుని ఆశపడండి.

కమ్యూనిటీ రేడియో లెక్క వేరు. 100 వాట్ల ట్రాన్స్‌మిటర్, పది పదిహేను కిలోమీటర్ల పరిధి. విద్యాసంస్థలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, మూడేళ్లుగా పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థలు పెట్టుకోవచ్చు. 2024లో నిబంధనలు మార్చి గంటకు 12 నిమిషాల ప్రకటనలకు అనుమతించారు, అంతకుముందు 7. పది సెకన్లకు 74 రూపాయలు రేటు. పన్నెండు నిమిషాలూ నిండితే గంటకు 5,328 రూపాయలు వస్తాయి. నిండే గంటలు ఎన్ని ఉంటాయన్నది ఊరి దుకాణాలను బట్టి ఊహించుకోవచ్చు. జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 2008 అక్టోబరు 15న మొదలుపెట్టిన సంగం రేడియోను దళిత మహిళలే నడుపుతున్నారు. డిగ్రీలు లేని ఆ ఆడవాళ్లు చిరుధాన్యాల గురించి, విత్తనాల గురించి, పాటల గురించి చేసే కార్యక్రమాలు కమ్యూనికేషన్ ఎంఏ విద్యార్థులకు పాఠాలయ్యాయి. ఉల్లి, పత్తి, మిరప పండే తుంగభద్ర ఒడ్డున ఇలాంటిదొకటి ఉంటే 2009 అక్టోబరు వరద లాంటి రాత్రి ఎంత పనికొచ్చేదో వేరే చెప్పాలా.

ఆకాశవాణిలో రోజుల లెక్కన పిలిచే క్యాజువల్ అనౌన్సర్ల పద్ధతి ఉంది. గొంతు పరీక్ష నెగ్గితే నెలకు కొద్ది డ్యూటీలే వస్తాయి. దాని మీద బతకలేం గానీ, ఆ గొంతుకు బయట వచ్చే విలువ వేరు.

ప్రభుత్వం, పాఠం

2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. నంద్యాల విడిపోయింది, ఆదోని కర్నూలులోనే ఉంది. జిల్లాకొక సమాచార, పౌర సంబంధాల కార్యాలయం ఉంటుంది, డీపీఆర్వో, ఏపీఆర్వో ఉంటారు. ఆ పోస్టులు మొత్తమే తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో పంచాంగం చూసి కూడా చెప్పలేం. 2019 అక్టోబరు 2న సచివాలయాల వ్యవస్థ వచ్చినప్పుడు లక్షకు పైగా పోస్టులు పడ్డాయి. ఇంజినీరింగ్ అసిస్టెంట్, డిజిటల్ అసిస్టెంట్, సంక్షేమ విద్యా అసిస్టెంట్, మహిళా పోలీసు, ఇలా చాలా ఉన్నాయి. పథకాన్ని జనానికి అర్థమయ్యేలా చెప్పే మనిషి పోస్టు ఒక్కటీ లేదు. పథకాలు జనానికి తెలియడం లేదని ప్రతి కలెక్టరూ సమీక్షలో కోప్పడతారు.

కేంద్రంలో ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ ఉంది. సివిల్స్ ద్వారా గ్రూప్ ఏలో చేరితే మూలవేతనం 56,100తో మొదలు. చదువు చెప్పాలనుకుంటే యూజీసీ నెట్. ఎంఏలో 55 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 50 శాతం మార్కులుండాలి. పరిశోధనకు ఇచ్చే జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000. హైదరాబాద్‌లో చేరిన కొత్తలో న్యూస్ ఛానెల్ ఇచ్చే జీతం పక్కన ఈ అంకె పెట్టి చూస్తే కొందరు జర్నలిస్టులు పీహెచ్‌డీలో ఎందుకు చేరుతున్నారో అర్థమవుతుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700. ఆ పోస్టుల భర్తీ మళ్లీ నోటిఫికేషన్ల దయ.

ఒకే కుర్చీలో కూర్చుని రిటైరయ్యే వృత్తి ఇది మొదటి నుంచీ కాదు. 1883లో కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఎంఏ చదివి, 1908లో స్వరాజ్య పత్రికలో రాతల కోసం రాజద్రోహం కేసులో జైలుకు వెళ్లొచ్చి, తర్వాత గ్రంథాలయోద్యమంలో, వయోజన విద్యలో పనిచేశారు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే ఎడిటర్, ఆ తర్వాత డెవలప్‌మెంట్ కమ్యూనికేషన్. బయోడేటాలో మధ్య ఖాళీకి ఆయన చూపిన కారణం మనవాళ్లు ఎవరూ చూపలేరు.

ఆఫర్ లెటర్ చేతికొస్తే

డెస్క్ ఉద్యోగమో, వెబ్‌సైట్ ఉద్యోగమో వచ్చింది. ఏడాదికి 2.4 లక్షల సీటీసీ అన్నారు. నెలకు 20 వేలని ఇంట్లో చెప్పేస్తారు. ఆగండి. మూలవేతనం 15 వేలనుకుంటే యాజమాన్యం కట్టే పీఎఫ్ 1,800 ఆ 20 వేలలోనిదే. మీ వాటా ఇంకో 1,800. జీతం 21 వేల లోపు కాబట్టి ఈఎస్ఐ కూడా ఉంటుంది, మీది 0.75 శాతం, వాళ్లది 3.25 శాతం. చేతికొచ్చేది 16 వేల లోపే. అమీర్‌పేట హాస్టల్లో మంచానికి 6 వేలు అనుకున్నా మిగిలే పది వేలలో బస్సు, ఫోను, ఇంటికి పంపేది. అయినా పీఎఫ్ కట్ అవుతోందంటే సంతోషించండి. అది మీరు ఉద్యోగి అని చెప్పే సాక్ష్యం. జర్నలిస్టుకు గ్రాట్యుటీ మిగతావాళ్లలా ఐదేళ్లకు కాకుండా మూడేళ్లకే వస్తుందన్న నిబంధన కూడా అలాంటి సాక్ష్యం ఉన్నవాళ్లకే పనికొస్తుంది.

రాత్రి డెస్కు గురించి ఆడపిల్లల తల్లిదండ్రులు అడుగుతారు, అడగాలి కూడా. జిల్లా పేజీలు కట్టేది పొద్దుగూకాకే. కొత్త కోడ్ ప్రకారం సాయంత్రం 7 తర్వాత, ఉదయం 6 లోపు ఆడవాళ్లు పనిచేయాలంటే వాళ్ల సమ్మతి కావాలి, భద్రత ఏర్పాట్లు యాజమాన్యం చూడాలి. ఇంటర్వ్యూలో ‘డ్రాప్ క్యాబ్ ఉందా, ఎన్ని కిలోమీటర్ల దాకా?’ అని అడిగితే ఎవరూ తప్పుపట్టరు. జవాబు నసిగితే సంస్థ గురించి సగం తెలిసినట్టే.

సి.బెళగల్‌లోనే ఉండి బతకాలనుకునేవాళ్లకు నా లెక్క ఇది. వార్త రాయండి, కానీ ఇంటి ఖర్చు వార్త మీద పెట్టకండి. అనువాదం, వీడియో ఎడిటింగ్, స్వచ్ఛంద సంస్థల పని, బడులకు వ్యాసాల శిక్షణ, వీటిలో ఏవో రెండింటి మీద ఇల్లు నడపండి. అప్పుడు దసరా ప్రకటన అడగాల్సిన దుకాణం మీద వార్త రాయడానికి చెయ్యి వణకదు. మంత్రాలయం మఠానికి వచ్చే కన్నడ భక్తుల కోసం బోర్డులు, కరపత్రాలు, వెబ్ పేజీలు చేసిపెట్టే పని ఒక్కటే చూడండి, రెండు భాషలూ రాయగలిగినవాళ్లు ఎంతమందున్నారు?

ఇలా పని చేసేవాళ్లకు ఫీజులో 10 శాతం టీడీఎస్ కోసి ఇస్తారు, ఒక సంస్థ నుంచి ఏడాదికి 50 వేలు దాటితే. 60 వేలకు 6 వేలు పోయాయని ఊరుకునేవాళ్లే ఎక్కువ. కొత్త పన్ను విధానంలో ఏడాది ఆదాయం 12 లక్షల దాకా పన్ను లేదు. ఆదాయపు పన్ను సైట్‌లో పాన్ నంబరుతో ఖాతా తెరిచి, కోసిన పన్ను చూపే 26ఏఎస్ చూసుకుని గడువులోగా రిటర్ను వేస్తే ఆ 6 వేలూ బ్యాంకులో పడతాయి.